డ్రైవరుకి తగిన ఫోను

దుర్గాప్రసాద్ చేత ఆ ఫోను కొనిపించింది అతని పెళ్లాం మహేశ్వరే. పిడుగురాళ్లలో వాళ్ల వీధి మొత్తానికీ ఈ సంగతి ఇప్పుడు తెలుసు. తెలియక చస్తుందా? ఆమె అత్త గురవమ్మ పరామర్శకు వచ్చిన ప్రతి మనిషికీ మంచినీళ్లకంటే ముందు ఆ మాటే అందిస్తోంది. "ఇదిగో, ఈ మహాతల్లి కొనిపిచ్చిన ఫోనే నా బిడ్డని మింగింది" అంటుంది. వచ్చినవాళ్లు మహేశ్వరి వంక ఒకసారి చూసి తల దించుకుంటారు.

కొనిపించిన మాట నిజమే. చెడు చేద్దామని కొనిపించిందా ఏమన్నా? దుర్గాప్రసాద్ సున్నపురాయి క్వారీలో టిప్పర్ డ్రైవరు. అతనికి పెద్ద ఫోను పిచ్చి పట్టింది. ఎవరి చేతిలోనో చూశాడట, చంద్రుడి మీద మచ్చలు కూడా పడతాయట దాని కెమెరాలో. ఆ రోజు నుంచి అన్నం ముందు కూర్చున్నా అదే గోల.

సరేనని ఇద్దరూ బస్టాండు దగ్గర ఫయాజ్ షాపుకి వెళ్లారు. ఫయాజ్ అమ్ముకునేవాడే గానీ మాయమాటలు చెప్పి అంటగట్టే రకం కాదు. పెద్ద ఫోనూ, దాంట్లో సగం ధర కూడా లేని ఇంకో ఫోనూ పక్కపక్కన పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పాడు.

"పైకి రెండూ అక్కాచెల్లెళ్లలాగే ఉంటయ్యన్నా. కానీ దానికి చుట్టూ ఉన్నది లోహం, దీనికి ప్లాస్టిక్. దీనికి మూడు కెమెరాలు కనపడతన్నయ్ గదా, పనికొచ్చేది ఒక్కటే, మిగతా రెండూ సోకుకి. దూరంగా ఉన్నోణ్ణి దగ్గరికి లాగి ఫోటో తీస్తే మొహం అలికేసినట్టుంటది. ఎండలో వాడితే వేడెక్కుద్ది. నీళ్లల్లో పడితే ఇక మర్చిపో. ఫేస్ లాక్ కూడా అంతంత మాత్రమే. అది మొహాన్ని లోతుగా కొలుస్తది, ఇది ఉత్త బొమ్మ చూసుకుంటది. నీ ఫోటో చూపిచ్చినా తెరుచుకుంటదేమో, చెప్పలేం."

"ఇన్ని లోపాలు పెట్టుకుని దీన్నెందుకు కొనాల్రా నేను?" అన్నాడు దుర్గాప్రసాద్.

"నువ్వు డ్రైవరువి గనక. లోడు ఎక్కడ దించాలో మేస్త్రీ ఫోన్లోనే చెప్తాడు. తర్వాత తేడా వస్తే, నేనట్టా చెప్పలేదంటాడు. అవునా కాదా? దీంట్లో ప్రతి ఫోన్ కాలూ దానంతటదే రికార్డవుద్ది. ఆ పెద్దదాంట్లో రికార్డు నొక్కితే ముందు అవతలోడికి చాటింపు ఏసుద్ది. పైగా దీంట్లో మెమరీ కార్డు పెట్టుకోవచ్చు. దాంట్లో కార్డుకి చోటే లేదు."

ఇంకేముంది, మహేశ్వరి తేల్చేసింది. "ఇదే ఇయ్యి తమ్ముడూ. చంద్రుడి మచ్చలు చూసి ఈయనేం చేస్తాడు? క్వారీలో రాళ్లు కనపడితే చాలు" అంది. ఫయాజ్ పగలబడి నవ్వాడు. దుర్గాప్రసాద్ మాత్రం నవ్వలేదు.

అక్కడ మొదలైంది. ఫోటో మసకగా పడితే మహేశ్వరి తప్పు. ఫోను వేడెక్కితే మహేశ్వరి తప్పు. జేబులో బరువుగా ఉన్నా మహేశ్వరి తప్పే. చివరి రోజు కూడా అంతే. పొద్దున క్వారీలో పని మధ్యలోనే ఆమెకు ఫోన్ చేశాడు. "పెనంలాగా కాలుతందే ఇది. వేడెక్కి చార్జింగ్ కూడా ఎక్కనంటంది. నీ పిసినారితనం తగలెయ్య!" అన్నాడు.

ఆమెకూ ఒళ్లు మండింది. రోజూ ఇదే రామాయణమైతే ఎవరికి మండదు? "అయితే ఆ పెద్ద ఫోన్నే కట్టుకో! దాంతోనే కాపరం చేసుకో, ఇంటికి రాబాక!" అని అరిచి కాల్ కట్ చేసింది. మళ్లీ చేస్తాడని తెలిసే, కసి కొద్దీ స్విచాఫ్ చేసి కూర్చుని ఏడ్చింది. అత్త ఆ పక్కనే ఉండి కూడా పలకరించకుండా పెరట్లోకి వెళ్లిపోయింది. అదీ గుర్తుంది ఆమెకు.

ఇంటికి రాబాక అంది. అతను రాలేదు.

క్వారీ వాలులో మలుపు దగ్గర టిప్పర్ తిరగబడిందని వెనక బండి నడుపుతున్న ఇన్నయ్య వచ్చి చెప్పాడు. మనిషి మంచివాడు, దాచడం రాదు. "ఫోను చెవికాడ పెట్టుకుని ఉన్నాడమ్మా. మాట్లాడతన్నాడో, ఇంటన్నాడో నాకు తెలవదు. ఒక్క చేత్తో తిప్పబోయాడు" అన్నాడు. ఆ మాట మహేశ్వరిని పట్టుకుని వదల్లేదు. ఎవరికి చేసి ఉంటాడు? ఇంకెవరికి, తనకే. కట్ చేసిన పెళ్లానికి మళ్లీ మళ్లీ చేస్తూ ఉండి ఉంటాడు. స్విచాఫ్, స్విచాఫ్ అని అదే పనిగా చెప్పే ఆ గొంతు వింటూ పోయాడు. తన ఫోను తిరిగి ఆన్ చేస్తే అతను చేసినట్టు మెసేజీ ఏదీ లేదు. అయితే ఏం? ఆ మెసేజీలు ఒకసారి వస్తాయి, ఒకసారి రావు. ఆమెకు నిద్ర పట్టడం మానేసింది. చివర్లో ఎవరితో మాట్లాడాడు, తన మీద కోపంతోనే పోయాడా, ఈ రెండూ తెలిస్తే చాలు, తర్వాత ఏమైనా అయిపోనీ అనుకుంది.

కర్మలన్నీ అయ్యాక ఆ ఫోను ఇంటికి చేరింది. ఒక మూల అద్దం పగిలింది, అంతకుమించి దెబ్బ లేదు. చార్జింగ్ పెడితే వెలిగింది. కానీ తెరవాలంటే లాక్ నంబరు అడిగింది. పెళ్లి రోజు కొట్టింది, బండి నంబరు కొట్టింది. కాసేపు ఆగమని అది మొహం ముడుచుకుంది.

"సచ్చినోడి ఫోనుతో నీకేం పనే?" అని గురవమ్మ అరిచింది. "పోయి కృష్ణలో పారేసి రా దాన్ని!"

మహేశ్వరికి ఫయాజ్ మాట గుర్తొచ్చింది. బొమ్మ చూసుకుంటది అన్నాడు కదా. గోడకున్న దుర్గాప్రసాద్ ఫోటో దించింది. దండ పక్కకి జరిపి, ఫోన్ని అతని మొహం ముందు పట్టుకుంది. చచ్చిన మొగుడి ఫోటోకి ఫోను చూపించే గతి పగవాళ్లకి కూడా వద్దు. తెరుచుకో, తెరుచుకో అని ఆమె పెదాలు కదులుతున్నాయి. ఫోను మళ్లీ నంబరే అడిగింది.

"ఓసి నీ మొహం మండా! వాడి ఫోటోతో ఆటలేందే?" గుమ్మంలోంచి గురవమ్మ గొంతు. సిగ్గుతో ఆమె తల వాలిపోయింది.

మర్నాడు ఫయాజ్ షాపుకి వెళ్లింది. అతను ఫోను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఒకసారి ఆఫయ్యి ఆనయితే ముందు నంబరు కొట్టాల్సిందే అక్కా, ఆ తర్వాతే మొహం చూసుద్ది. సర్వీసు సెంటర్లో ఇచ్చినా లోపలున్నదంతా తుడిచేసి ఇస్తారు" అన్నాడు.

మహేశ్వరి స్టూలు మీద కూలబడింది. "ఎవరితో మాట్లాడాడో తెలిస్తే చాలు తమ్ముడూ. ఇంకేం వద్దు నాకు" అంది.

ఫయాజ్ ఉన్నట్టుండి నుదురు కొట్టుకున్నాడు. "ఆగక్కా, ఆగు! లోపల మెమరీ తక్కువని రికార్డింగులన్నీ కార్డులోకి పొయ్యేటట్టు నేనే గదా పెట్టా! పెద్ద ఫోనయితే అంతా లోపలే ఉండిపోయేది." సన్న పిన్ను గుచ్చి, గోరంత కార్డు బయటికి తీసి తన ఫోన్లో పెట్టాడు. కాల్స్ అన్నీ వరుసగా వచ్చాయి, పేర్లతో సహా. మేస్త్రీ, మేస్త్రీ, ఇన్నయ్య, మళ్లీ మేస్త్రీ. కిందికి వస్తే మహేశ్వరి. అది ఆ రోజు పొద్దున తను అరిచిన ఫోన్ కాలే.

దాని కింద ఇంకొకటి ఉంది. పేరు చూసి ఇద్దరూ తెర మీదకి వంగారు. అమ్మ అని ఉంది.

"పెట్టమంటావా అక్కా?" అన్నాడు ఫయాజ్. ఆమె తల ఊపింది.

ముందు బండి మోత. ఆ మోత మీద గురవమ్మ గొంతు, గుసగుసగా, పెరట్లోంచి. "ఒరేయ్ ప్రసాదూ, ఆ పిల్ల కూచుని ఏడుస్తందిరా."

"ఏడవనీమ్మా. ఇంటికి రాబాక అంది నన్ను."

"కోపంలో అంటదిరా. దాని తప్పేముంది? నీ డబ్బు దండగవుద్దనే గదా చూసింది. ఎదురుగా దానికి చెప్తే లోకువైపోతానని నీకు చేశా. సాయంత్రం ఇంటికొచ్చి దాన్ని ఒక్క మాట అనబాక. అననని నా మీద ఒట్టెయ్."

అతను నవ్వాడు. ఆ నవ్వు వినగానే మహేశ్వరి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "సరేలేమ్మా. అననులే" అన్నాడు.

"ఆఁ? ఏందీ? ఇనపళ్లేదురా, బండి మోత. గట్టిగా చెప్పు."

ఆ తర్వాతది మాట కాదు. రాళ్లు దొర్లిన చప్పుడు, ఇనుము చిట్లిన చప్పుడు. ఫయాజ్ చెయ్యి కౌంటరు మీదనుంచి ఎగిరిపడింది. "ఒరేయ్ ప్రసాదూ? ఏందిరా ఆ చప్పుడు? ఒరేయ్! పలకరా! ఒరేయ్!" ముసలామె అలా పిలుస్తూనే ఉంది. ఎంతసేపు పిలిచిందో. ఫయాజ్ ఇక వినలేక ఆపేశాడు. "యా అల్లా" అని తల పట్టుకున్నాడు.

మహేశ్వరి ఎలా లేచిందో, రోడ్డు ఎలా దాటిందో ఆమెకే తెలియదు. లారీలు హారన్లు కొడుతున్నాయి. నువ్వా? నువ్వా అత్తా? ఆ చప్పుడు నీ చెవులతో విని, ఇన్నాళ్లూ వీధి వీధంతా నన్ను మొగుణ్ణి చంపుకున్నదాన్ని చేశావా? ఎవరూ నీ పేరెత్తకముందే నా పేరెత్తావా? ఇంటికెళ్లి అందరినీ పిలుస్తాను, అందరి ముందూ ఇది వినిపిస్తాను అనుకుంది. ఫయాజ్ చేతిలో పెట్టిన కార్డు ఆమె గుప్పిట్లో అరచేతిని కోస్తోంది.

గురవమ్మ వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. కోడలి మొహం చూసింది. గుప్పిటి వంక చూసింది. ఆమె చేతిలో గింజ చేతిలోనే ఆగింది.

"ఇన్నావా?" అంది.

"ఇన్నా."

దారి పొడుగునా కూడబెట్టుకున్న మాటలన్నీ మహేశ్వరి గొంతులో ఉన్నాయి. తిట్లున్నాయి, శాపాలున్నాయి. నోరు తెరిచింది. ఈలోపు ముసలామె పీట మీదనుంచి ముందుకు జరిగి, చింతపండు చేతులతోనే ఆమె చీర కుచ్చెళ్లు పట్టుకుంది.

"నిన్ను నానా మాటలూ అన్నా. నన్ను ఏమన్నా అను, కొట్టు, నీ ఇష్టం. కానీ ఒక్కటి చెప్పవే. చప్పుడుకి ముందు వాడేదో అన్నాడు. ఆ మోతలో నాకు తెలవలా. ఒట్టెయ్యమన్నా గదా, కసురుకున్నాడా? నా మీద విసుక్కుంటా పొయ్యాడా నా బిడ్డ?"

మహేశ్వరి తెరిచిన నోరు మూసింది. ఇన్ని రాత్రులూ తను ఏ ప్రశ్నతో పొర్లాడిందో, పక్క మంచంలో ఈమె కూడా అదే ప్రశ్నతో పొర్లాడిందా? కోపం పోలేదు, ఎక్కడికీ పోలేదు. అయినా కాళ్లు వాటంతటవే మడుచుకుని ఆమె ఎదురుగా నేల మీద కూర్చుంది.

"కసురుకోలేదత్తా. నవ్వాడు. నవ్వి, సరేలేమ్మా, అననులే అన్నాడు."

"నవ్వాడా?"

"నవ్వాడు."

గురవమ్మ ఇంకోసారి అడిగింది. మహేశ్వరి ఇంకోసారి చెప్పింది.