ఏడు నీలి కుండలు

మా నాసిమ్ ఊళ్ళో నీలి రంగు పులియబెట్టే కుండ చచ్చిపోతే ఎవరూ ఏడవరు. పక్కింటి కుండలోంచి గరిటెడు తెచ్చి పోస్తారు, పెరుగుకి తోడేసినట్టు. నాలుగు రోజుల్లో మళ్ళీ నురగ కడుతుంది. ఏడిళ్ళు, ఏడు కుండలు. వాటిలో ముంచిన నూలు నేసి, అమ్ముకునే బతికారు మా ఆడవాళ్ళు.

ఆ ఏడు కుండల నీలినీ ఒకే కొత్త సిమెంటు తొట్టెలో పోయించింది ఎలిన్ అనే విదేశీ ఆవిడ. ఆవిడ మాటలు మా లావో భాషలో చెప్పే ఉద్యోగం నాది. చిన్న వ్యాపారాలు నిలబెడదామని ఊరూరా తిరిగే మంచి మనిషి. అదే నా ఖర్మ, చెడ్డదైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని.

"ఏడు కుండలకి ఏడు ఛాయలొస్తే పెద్ద కొట్లవాళ్ళు కొనరు" అంది. అందరూ తలూపారు. అతిథి మాట కాదనడం మాకు చేతకాదు. దాచుకుంటే పిసినారితనంగా ఉంటుందని చుక్క మిగల్చకుండా పోశారు.

మా పెద్దమ్మ వన్‌ఖాం కుండ వాళ్ళమ్మ నాటిది. పోసేముందు నా చెయ్యి గిల్లింది.

"ఒసేయ్ మలైవన్, ఈ తొట్టె చస్తే తోడెక్కడ తెచ్చుకోవాలో అడగవే. పక్క ఊళ్ళలో నీలే లేదాయె."

"ఊరుకో పెద్దమ్మా, నవ్వుతుంది."

"నవ్వితే నవ్వనీ. నువ్వడుగు."

నేను ఎలిన్ వైపు తిరిగి, "చాలా సంతోషం అంటోంది" అన్నాను. మావాళ్ళు మొరటువాళ్ళని అనుకుంటుందేమోనని సిగ్గేసింది. పెద్దమ్మతో, "ఏం కాదటలే" అన్నాను.

కొత్త సిమెంటులోని సున్నం నీలి ప్రాణం తీసింది. ఐదో రోజుకి బూడిద నీళ్ళు, కుళ్ళు కంపు. పెద్దమ్మ బియ్యపు సారా పోసింది, చింతపండు పిసికింది. నురగ రాలేదు. గరిటె పట్టుకుని ఏడిళ్ళూ తిరిగింది. ఎక్కడ చూసినా బోర్లించిన కుండే.

వానలయ్యాక ఎలిన్ మళ్ళీ వచ్చింది. ఖాళీ మగ్గాలు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ముందే ఒక్కరైనా ఎందుకు చెప్పలేదు?"

ఆ ప్రశ్న లావోలో చెప్పాను. పెద్దమ్మ ఆశ్చర్యపోయింది. నాకు బుద్ధి తెలిశాక మొదటిసారి ఆమె గోళ్ళు నీలి మరక లేకుండా తెల్లగా ఉన్నాయి.

"అదేంటే, అడిగాంగా! ఏం కాదందిగా? గుర్తుచెయ్యి."

ఇద్దరూ నా నోటివంకే చూస్తున్నారు. సిగ్గుమాలినదాన్ని, నా ఉద్యోగమే గుర్తొచ్చింది నాకు.

"పెద్దమ్మ చెప్పడం మర్చిపోయిందట" అన్నాను ఎలిన్‌తో.

ఏమన్నానో తెలియకపోయినా, అతిథి చూస్తోంది కదాని, పెద్దమ్మ అవునన్నట్టు తలూపింది.