కూరకే అని రాయండి

రేపల్లె నుంచి తెనాలి వచ్చే సాయంత్రం పాసింజర్లో నేను దొండకాయలు తరుగుతాను. నేనొక్కదాన్నే కాదు. మా పెట్టెలో ఉద్యోగాలు చేసే ఆడవాళ్ళందరూ ఏదో ఒకటి తరుగుతారు, వలుస్తారు. అంగలకుదురులో ఇల్లు చేరేసరికి పొయ్యి మీద పెట్టడమే మిగలాలి. లేకపోతే మా అత్తయ్య రాజమ్మగారు వీధరుగు మీద నుంచే అందుకుంటారు. "ఊళ్ళో పిల్లలకి పాఠాలు చెప్పొచ్చింది, మనల్ని పస్తు పెట్టుద్ది."

మూడేళ్ళ క్రితం, ఎనభై ఎనిమిదిలో, దిగే రద్దీలో ఒక చెయ్యి నా నడుము మీదికి వచ్చింది. బియ్యం మిల్లు గుమస్తా రాఘవయ్యది. ఇంటికెళ్ళి మా ఆయన వరప్రసాదంగారికి చెప్పాను. ఆయన పేపరు దించలేదు.

"కిటికీ పక్కన కూర్చో పుష్పా."

మర్నాడు కూరగాయల కింద కారం పొట్లం పెట్టుకున్నాను. ఘాటు తగ్గుతుందేమోనని వారం వారం మార్చేదాన్ని. "కారం ఇట్టా అయిపోతుందేంటే? బళ్ళో కూడా వండుతున్నావా?" అనేవారు అత్తయ్య.

నిన్న మళ్ళీ అదే చెయ్యి వచ్చింది. ఆ పొట్లం విప్పాను.

ఇవాళ పోలీసు స్టేషన్లో బల్ల మీద నా బుట్ట ఉంది. వాడిపోయిన దొండకాయ ముక్కలు, చాకు, కారం అంటిన కాగితం. కళ్ళకి తడిగుడ్డ కట్టుకుని రాఘవయ్య బెంచీ మీద మూలుగుతున్నాడు. చాకు గురించి ఎవరూ అడగలేదు. హెడ్డు కానిస్టేబులు బసవపున్నయ్యగారు కాగితమే చూస్తున్నారు.

"తనని తాను కాపాడుకునే హక్కు చట్టంలో ఉందమ్మా. కానీ ఈ కారం బుట్టలో ఎందుకుంది? కూరకైతే వంట సామాను, గొడవే లేదు. కళ్ళలో కొట్టటానికే రోజూ తెచ్చారంటే ఆయుధం అంటాడు అవతలి ప్లీడరు. నేను కేసు రాయాలి."

"కూరకేనండి!" మా ఆయన ముందుకొచ్చారు. "మా ఆవిడ బండిలోనే కూర తరిగేసుద్దండి. ఇంటికొచ్చి అరగంటలో వడ్డిస్తది."

"అదృష్టవంతులు," హెడ్డు నవ్వారు.

మా ఆయన నా చెవిలో అన్నారు. "కేసైతే సస్పెండు చేస్తారు. కూరకని చెప్పు, పోయేదేముంది?"

పోయేదేముందో ఆలోచించాను. పధ్నాలుగేళ్ళు ఈయనకి వండాను. కూరలో ఉప్పు తగ్గితే ముద్ద నోట్లో పెట్టకముందే కనిపెడతారు. నేను దొండకాయలు ఎక్కడ తరుగుతానో తెలుసు, ఎంతసేపట్లో వడ్డిస్తానో తెలుసు. ఆ బండిలో నేను చేసే పని అంతా తెలిసి, నాకు జరిగేది మాత్రం పేపరు వెనకే ఉండిపోయింది. ఇంట్లో చిటికెడు కారం కూడా వాళ్ళ నాలుకల కోసమే. ఇన్నేళ్ళలో నాకంటూ దాచుకున్నది ఆ పొట్లం ఒక్కటే. అది కూడా ఆయన కూరదే అని నా చేత్తో సంతకం పెడితే క్షేమంగా ఇంటికి పోవచ్చు. రేపు మళ్ళీ అదే బండి ఎక్కవచ్చు.

కళ్ళు మండాయి. నిన్నటి కారం కాదు.

"కూరకే అని రాయనా అమ్మా?" హెడ్డు కలం పట్టుకున్నారు.

"కాదండి. నా కోసం."

మా ఆయన నా మోచెయ్యి నొక్కారు. విడిపించుకున్నాను.

హెడ్డు కలం కాగితం మీద ఆనించారు. "ఎన్నాళ్ళ నుంచి తెస్తున్నారు?"

"మూడేళ్ళండి. కిటికీ పక్కన కూర్చోమని మా ఆయన చెప్పిన మర్నాటి నుంచి. అట్టాగే రాయండి."