చెవికి ఆనిన గుంజ

కంచెకు గుంజ ఎన్నుకునేటప్పుడు బాలనర్సయ్య కళ్లను నమ్మడు. కట్టె ఒక కొసకు చెవి ఆనించి, అవతలి కొసన గోటితో గీకమంటాడు. గీకుడు ఖణీమని వినబడితే కట్టె గట్టిది. బొంగురుపోయిందంటే లోపల చెదలు కాపురం పెట్టినట్టే.

పాలమూరు దగ్గర అతనికి రెండెకరాల పల్లి చేను. తుమ్మ గుంజలు చెదలపాలై కంచె ఒరిగింది. నిరుడు అడవిపందులు చేనంతా తవ్వి తిన్నాయి. బొంబాయి మిల్లులు మూతబడ్డ మరుసటేడు అక్కడికి కూలికి వచ్చాడు. వానలకు ముందే ఊరికి మళ్లుతూ, పన్నెండు టేకు గుంజల కోసం నాగ్‌పాడాలో పాతకట్టెల దుకాణానికి పోయాడు. కూలగొట్టిన ఇళ్ల కట్టె అక్కడ చవకగా దొరుకుతుంది. అక్క అంజమ్మ మొగుడు రాజమల్లు వెంట వచ్చి అవతలి కొసన కూర్చున్నాడు.

గీకమంటే రాజమల్లు కట్టెకు నోరు ఆనించి మూలిగాడు. "నన్ను తీస్కపోకు బామ్మర్దీ. మీ ఊర్ల పందులున్నయట."

"గీకు బావా. పొద్దు గూకుతుంది."

ఎంత వెతికినా నాలుగే తేలాయి. కొట్టు యజమాని నారాయణ సేఠ్ వచ్చీరాని తెలుగులో అన్నాడు: "బారిష్, వానలు పడనీ, అసల్ బర్మా టేకు వస్తది. ఇంకా నిలబడే ఉంది. ఫోరస్ రోడ్ పక్క గల్లీ, కింద తాళమేసిన గోదాము, పచ్చరంగు కటకటాలు. పోయి చూస్కో."

రాజమల్లు తొడ చరుచుకుని నవ్వాడు. "అది మా చాళే సేఠ్. నాకే టోపీ పెడ్తున్నవా?"

సేఠ్ నవ్వలేదు. "నేనేం చెప్పలే" అని లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

దారి పొడుగునా రాజమల్లు ఒక్క పరాచికం ఆడలేదు.

కూలీల కాపురాలుండే ఆ చాళ్ మొదటి అంతస్తు వసారాలో అంజమ్మ పప్పు కలుపుతోంది. వసారా గుంజ కింది గోదాములో మొదలై పైకప్పు దాకా ఒకే మొద్దు. బాలనర్సయ్య దానికి చెవి ఆనించాడు.

"గీకకు బావా."

"నేనేడ గీకుతున్న?" రాజమల్లు రెండు చేతులూ చూపించాడు.

లోపల గర్రు గర్రుమంటోంది. రాజమల్లు కూడా చెవి పెట్టాడు. మోకాళ్ల మీద వంగి గుంజ కింది దాకా విన్నాడు.

"రంపం. గోదాముల నుంచి కోస్తున్నరు. వానల్ల కూలిందనుకో, దేవుడే కూలగొట్టినట్టు. మనల్ని ఖాళీ చెయ్యమనే పనుండదు చాళ్ ఓనరుకు." లేచి కేకేశాడు. "పొయ్యిలార్పి కిందికి నడువుండ్రి. చాళ్ పడ్తది."

పక్కింటి కిష్టమ్మ చేట పట్టుకునే నవ్వింది. "మొన్న నల్ల కాడ పామన్నడు. ఇయ్యాల చాళే పడ్తదట."

"నా మీద ఒట్టు వదినె."

"నీ ఒట్టు పిల్లి మీద పెట్టు."

అందరూ గొల్లుమన్నారు. 

"అక్కా, నువ్వొచ్చి ఇను," అన్నాడు బాలనర్సయ్య.

అంజమ్మ గరిటెతోనే వచ్చి చెవి ఆనించింది. గరిటె నుంచి పప్పు చీర మీద కారుతున్నా కదల్లేదు. తర్వాత లోపలికి పోయి స్టవ్ ఆర్పి, పిల్లలిద్దరినీ చెరో రెక్కా పట్టుకుని మెట్ల వైపు నడిచింది.

కిష్టమ్మ చేట కింద పెట్టింది. తనూ వచ్చి విన్నది. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. నలభై కాపురాలకు ఒకటే మెట్లదారి. రాజమల్లు ముసలివాళ్లను వీపున మోస్తున్నాడు.

బాలనర్సయ్య మరోసారి చెవి ఆనించాడు. కింద రంపం ఆగింది. పని ఆపారో, పని అయిపోయిందో తెలియలేదు. మెట్ల మీద జనం ఇంకా దిగుతూనే ఉన్నారు.