దొరబాబు జరిపిన ఎర్ర గీత

నేను ఒక పెన్సిల్‌ని. అంతేనా అని పెదవి విరవకండి, నాకు రెండు తలలున్నాయి. ఒకటి ఎరుపు, ఒకటి నీలం. ఫ్యాక్టరీలో చెక్కను చీల్చి, ఇటు ఎరుపు పుల్ల, అటు నీలం పుల్ల పెట్టి, జిగురుతో అతికించి, పైన రంగు పూశారు. మరో పదకొండు మందితో కలిసి అట్టపెట్టెలో కాకినాడ చేరాను.

అక్కడ రేవు ఆఫీసులో దొరబాబు చేతికి చిక్కాను. సముద్రం ఎంత పొంగిందో, ఎంత తీసిందో రోజూ కొలిచి కాగితం మీద గీయడం ఆయన ఉద్యోగం. నీళ్లు పొంగే పోటుకు ఎరుపు, వెనక్కి తీసే పాటుకు నీలం. ముప్పై ఏళ్లుగా ఆయనకు అదే పని, నేను చేరింది చివరి రోజుల్లో. రిటైరైన రోజు దండ, శాలువా పట్టుకుని ఇంటికి వెళ్తుంటే ఆయన జేబులో నేనూ ఉన్నాను. ఆఫీసు సొత్తునని నేను గుర్తుచేయలేదు, ఆయనకూ గుర్తు రాలేదు.

ఇంట్లో ఆయనకు పొద్దుపోలేదు. ఎవరో షేర్ల క్లాసు పెడితే వెళ్లి ఒక సూత్రం నేర్చుకొచ్చాడు. షేరు ధరకు గడిచిన పది రోజుల సగటును నీలంతో గీయాలి, యాభై రోజుల సగటును ఎరుపుతో గీయాలి. నీలం ఎరుపును దాటి పైకి వెళ్తే కొనాలి, కిందికి దిగితే అమ్మాలి. ఆయనకది భలే నచ్చింది. నిజం చెప్పొద్దూ, నాకూ నచ్చింది. నా రెండు తలలకూ పని దొరికింది మరి.

ఆయన భార్య తాయారుకు ఎప్పటినుంచో పిండిమర పెట్టాలని ఉంది. తల్లి ఇచ్చిన నాలుగు సెంట్ల స్థలం అందుకే అమ్మింది. "ఏడాది ఆగు, పెద్ద మరే కొందాం" అని ఆ డబ్బంతా ఆయన ఒక రొయ్యల మేత కంపెనీ షేర్లలో పెట్టాడు. నీలం పైకి వెళ్లిందనే పెట్టాడు, అందులో తప్పు పట్టడానికి లేదు. ఆరు నెలలు రెండు గీతలూ చక్కగా ఎక్కాయి. మర ఎక్కడ బిగించాలో తాయారు వీధి గదిలో సుద్దతో గుర్తు కూడా పెట్టుకుంది.

ఒక సాయంత్రం ఆయన గీస్తుంటే నీలం ఎరుపు కిందికి దిగింది. కాఫీ తెచ్చిన తాయారు చూసింది.

"నీలం కిందికొచ్చేసిందండీ. ఇలాగొస్తే అమ్మేయాలని మీరే కదా అన్నారు."

"ఇది పాటు తాయారూ. తీసిన నీళ్లు మళ్లీ రావా ఏంటి? ముప్పై ఏళ్లు చూశాను."

యాభై రోజులు చాలవని ఎరుపును వంద రోజులకు మార్చి, కొత్త కాగితం మీద గీశాడు. పాత ధరలు తక్కువ కాబట్టి ఎర్ర గీత కిందికి జరిగింది, నీలం మళ్లీ పైన కనబడింది. ఆయన హాయిగా కాఫీ తాగాడు. నెల తిరక్కుండా నీలం దాన్నీ దాటి దిగింది. ఈసారి రెండు వందల రోజులు. నాకు ఒళ్లు మండింది. నేను చూపించేది జరిగిపోయిన సంగతే, రేపటిది నాకూ తెలియదు. ఆ కాస్త నిజం కూడా చెప్పనివ్వకపోతే ఎలా? గీసి గీసి నా ఎర్ర తల గోరంత మిగిలింది.

షేరు మూడో వంతుకు పడ్డాక తాయారు ఆ కాగితాలన్నీ పక్కకు నెట్టింది.

"సముద్రాన్ని మళ్లీ లాక్కురావడానికి చంద్రుడున్నాడు. ఈ కంపెనీకి ఎవరున్నారండీ?"

నాకు ఆవిడ మీద చెప్పలేనంత జాలి వేసింది. ఆయన మర్నాడు మార్కెట్టు తెరవగానే అన్నీ అమ్మేశాడు.

ఆ డబ్బుకు పిండిమర రాలేదు, పిండి రుబ్బే గ్రైండరు వచ్చింది. సుద్ద గుర్తు మధ్యలో అది బాగా చిన్నగా కనిపిస్తుంది. తాయారు దోసెల పిండి రుబ్బి అమ్ముతుంది. డబ్బాలకు అంటించే చీటీల మీద దొరబాబు నా నీలం తలతో వాడకందార్ల పేర్లు రాస్తాడు. ఎర్ర తల ఇక లేదు. వేలెడు మిగిలాను, ఇంకో ఏడాది వస్తానేమో.

గ్రైండరు పైన గోడకు ఆ మొదటి కాగితం అంటించి ఉంటుంది. అంటించింది తాయారు కాదు, ఆయనే. పిండికొచ్చినవాళ్లు ఇదేంటండీ అని అడుగుతారు. నీలం ఎరుపును దాటి కిందికి దిగిన చోట వేలు పెట్టి ఆయన చెబుతాడు.

"మా ఆవిడ ఇక్కడే అమ్మమంది."