భ్రమరాంబగారి ఏడు మణుగులు

కారు వెనక సీటు ఊడదీసి అరుగు మీద పెట్టిన రోజున భ్రమరాంబగారు వంటింటి తలుపు తీయలేదు. అలిగారా అంటే, అలిగానని ఒప్పుకునే మనిషి కాదావిడ. "తలనొప్పిగా ఉందిరా" అని, తోలు సీటు కదా అని పైన చాప పరుచుకుని, దాని మీదే పడుకున్నారు. చాప మీద నుంచి కూడా సీటు మెత్తగానే ఉంది. దాంతో ఒళ్లు మరింత మండింది.

మండదూ మరి! ఆ సీటు ఆవిడది. బదిలీ మీద వెళ్లిపోతూ ఎవరో దొర వదిలేసిన ఆ పాత కారుని మేనల్లుడు శోభనాద్రి బందరులో ఇంటి ముందుకు తోలుకొచ్చిన నాడు, వీధి వీధంతా వింటుండగా ఒక మాట అన్నాడు. "మొదటి సవారీ నీదే అత్తయ్యా! హంసలదీవి దాటించి, కృష్ణ సముద్రంలో కలిసే చోటికి తీసుకెళ్తా. వెనక సీట్లో దర్జాగా కూర్చుందువుగాని."

వాడికేం, అనేశాడు. ఆవిడకి ఆ మాట ఎంత పెద్దదో వాడికి తెలియదు. కాపురానికి వెళ్లకుండానే మొగుడు పోయి, తలమీద ముసుగుతో పుట్టింట్లోనే ఉండిపోయిన మనిషి ఆవిడ. సంగమ స్నానానికని ఇంట్లోవాళ్లు బండి కట్టినప్పుడల్లా ఆవిడా మూట సర్దుకునేవారు, బండెక్కేవారు కూడా. తీరా బయల్దేరబోయే వేళకి ఎవరో ఒకరు ఊడిపడేవారు. చంటిపిల్లతో వదినగారో, బెజవాడ నుంచి చుట్టమో. బండిలో చోటు చాలదు. దిగమని ఎవరూ అనరు. అందరూ ఒక్కసారి ఆవిడ వైపు చూస్తారు, అంతే. ఆవిడే మూట తీసుకుని దిగిపోయేవారు. తల్లి లేని శోభనాద్రిని పెంచింది ఆవిడే. వాడు పెద్దవాడై, హైస్కూల్లో సైన్సు మాస్టారై, కారు కొని మరీ తీసుకెళ్తానంటే, ఇందులోంచి దిగమనే వాడు ఇక పుట్టలేదనుకున్నారు. ఇప్పుడు చూస్తే సీటే లేదు.

దీనికంతటికీ మూలం గుడివాడ లక్ష్మయ్య. రైసుమిల్లు యజమాని. ఆయన కొత్త కారు కూడా మిల్లంత ఉంటుంది. గుడివాడ స్టేషను బయట శోభనాద్రి కారుని చూసి, "మాస్టారూ, దీని ముందు రెండెద్దుల్ని కట్టండి, ఇంకాస్త తొందరగా వెళ్తుంది" అన్నాడు. పదిమందీ గొల్లుమన్నారు. శోభనాద్రికి పౌరుషం ముంచుకొచ్చింది. అక్కడికక్కడే పందెం కుదిరింది. హంసలదీవి పక్కన పాలకాయతిప్ప దగ్గర, సముద్రం వెనక్కి తీసిన వేళ, ఇసుక మీద పాతిన జెండా దాకా వెళ్లి తిరిగి రావాలి. ఓడినవాడు తన కారు హారను ఊడదీసి గెలిచినవాడి చేతిలో పెట్టాలి.

ఆ రోజు నుంచి మేనల్లుడికి బరువు పిచ్చి పట్టింది. "అత్తయ్యా, ఇంజను బలం పెంచడం నా చేతుల్లో లేదు. బరువు తగ్గించడం ఉంది. సగం బరువుకి అదే బలమైతే, వేగం చూసుకో మరి!" అంటూ పెరట్లో గంతులేశాడు. కట్టెల అడితీ నుంచి పెద్ద కాటా తెచ్చి దూలానికి వేలాడదీశాడు. మెకానిక్ అబ్దుల్ గఫార్ ఒక్కొక్క భాగం ఊడదీయడం, శోభనాద్రి కాటాలో పెట్టడం, "వీశెన్నర!" అని అరవడం, ఇద్దరూ కావలించుకోవడం. మడ్‌గార్డులు పోయాయి. అద్దం పోయింది. రబ్బరు బుడ్డి ఉన్న ఇత్తడి హారను పోయింది. రేకు తలుపులు పోయి వెదురు చట్రాలు వచ్చాయి.

వెదురు చట్రం మీద ఏం కప్పాలన్నది పెద్ద చిక్కయింది. పల్చటి రేకు కప్పితే సొట్టలు పడుతోంది. దళసరి రేకు కప్పితే కాటా ఒప్పుకోవడం లేదు. చివరికి గఫార్, "మా బావమరిది అద్దకం బట్ట ఉంది కదా బాబుగారూ, కరక్కాయ నీళ్లలో, గేదెపాలలో ముంచి ఆరేసిన బట్ట. లాగి కడితే డప్పులా మోగుద్ది" అన్నాడు. అలా కారుకి ఎర్ర మామిడిపిందెలు, నీలం తీగలు ఉన్న ఒళ్లు వచ్చింది.

భ్రమరాంబగారికి కోపం ఉందన్న మాటే గాని, ఆ పిచ్చి అంటువ్యాధి. పెరట్లో రోజూ అంత సంబరం జరుగుతుంటే అరుగు మీద ఎంతకని తలనొప్పితో పడుకుంటారు? బట్ట బిగుసుకోవడానికి జిగురు కావాలన్నారని తెలియగానే ఆవిడే లేచి, చింతగింజలు వేయించి, నానబెట్టి, రుబ్బి, గంగాళంలో ఉడికించారు. ముసుగు జారకుండా బిగించుకుని చీపురుకట్టతో కారంతా పూశారు కూడా. ఎండలో ఆరాక దాని మీద వేలితో కొడితే ఠంగుమంది. మేనత్తా మేనల్లుడూ ఒకళ్లనొకళ్లు చూసుకుని పకపకా నవ్వుకున్నారు.

మర్నాడు పొద్దున ఎడమ తలుపు లేదు. పక్కింటి ఆవు మామిడిపిందెలతో సహా నమిలి, ఇంకా కావాలన్నట్టు కుడి తలుపు నాకుతోంది.

"రేకు బరువే గాని, ఆవు తినదు కదరా!" అన్నారు భ్రమరాంబగారు.

"అదే అత్తయ్యా శాస్త్రం! ఒకటి కావాలంటే ఒకటి వదులుకోవాలి" అన్నాడు శోభనాద్రి, ఎక్కడలేని ఉత్సాహంతో. ఈసారి జిగురులో వేపనూనె కలిపారు. ఆవు వచ్చి, వాసన చూసి, ముఖం చిట్లించి వెళ్లిపోయింది.

ఆ సంబరంలోనే ఆవిడ మెల్లిగా కదిపారు. "సీటు లేకపోతే మానె. ఆ వెనక ఖాళీలో పీట వేసుకుంటాను. పందెమయ్యాక అటునుంచి అటే సంగమానికి పోదాం."

శోభనాద్రి ఒక్క క్షణం ఆలోచించి, ఆవిడ చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి కాటాలో కూర్చోబెట్టాడు. అవతలి పళ్లెంలో రాళ్లు పేర్చాడు.

"ఏడు మణుగులు!" వాడి ముఖం వాడిపోయింది. "అత్తయ్యా, తలుపులూ, సీటూ, మడ్‌గార్డులూ, హారనూ, మేము నెల్లాళ్ల నుంచి తీసిందంతా కలిపితే నువ్వే. నువ్వెక్కితే మేమేమీ చేయనట్టే. పోనీ పందెమయ్యాక ఎక్కించుకుందామంటే, నీళ్లు మళ్లీ పైకొచ్చి ఇసుక దారి మునిగిపోతుంది."

ఆవిడ కాటాలోంచి దిగారు. ఈ దిగడం ఆవిడకి అలవాటే. కాని ఈసారి మాట ఆగలేదు.

"నిన్ను చంకనేసుకుని ఊరంతా తిప్పినప్పుడు నేను కాటా వేశానట్రా?"

వాడు తలొంచుకుని ఆకురాయితో ఏదో ఇనపముక్క అరగదీయడం మొదలుపెట్టాడు. గఫార్ మాత్రం, పని లేకపోయినా, లేచి బావి దగ్గరికి వెళ్లి చాలాసేపు చేతులు కడుక్కున్నాడు.

పందెం నాటికి కారు ముందుగా వెళ్లింది. పులిగడ్డ రేవులో బల్లకట్టు మీదకి నలుగురు మనుషులు దాన్ని చేతులతో ఎత్తి పెట్టారట! భ్రమరాంబగారు పనిముట్ల బండిలో గఫార్‌తో కలిసి వచ్చారు. ఒళ్లో మూట ఉంది. మూటలో పులిహోర, సంగమంలో నీళ్లు పట్టడానికి చెంబు, ఎందుకు పెట్టుకున్నారో ఆవిడకే తెలియని ఇత్తడి హారను. తిప్ప దాకా బండి వచ్చింది. అక్కడి నుంచి సంగమం దాకా ఉన్న ఇసుకలో ఎద్దులు దిగవు. ఇంత దూరం వచ్చి, చెంబు ఖాళీగానే ఇంటికి పోవాలి.

తిప్పంతా తిరునాళ్లలా ఉంది. దివిసీమ ఊళ్లన్నీ దిగాయి. అద్దకం బట్ట కట్టిన కారుని చూసి ఆడవాళ్లు కొంగు తడిమి చూసుకుని, "చీరకైతే ఎంత బావుండేదో" అనుకున్నారు. ఎవరో కొబ్బరికాయ కొట్టారు. గఫార్ హ్యాండిలు తిప్పాడు. ఇంజను గుర్రుమంది.

లక్ష్మయ్య కారు మూలుగుతూ, కొంచెం కూరుకుంటూ, బరువుగా కదిలింది. మన కారు కదల్లేదు. చక్రాలు తిరుగుతున్నాయి, ఎంత తిరుగుతున్నాయంటే కంటికి కనిపించనంత. ఇసుక వెనక్కి చిమ్మి, చూడవచ్చిన వాళ్ల నోళ్లలో పడుతోంది. కారు మాత్రం ఉన్న చోటే ఉండి వణుకుతోంది. జనం పగలబడి నవ్వారు. శోభనాద్రి ఇంజను ఆపేసి స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు.

భ్రమరాంబగారు బండి దిగి చరచరా వచ్చారు.

"పోయిందా పందెం?"

"పోయిందత్తయ్యా."

"అయితే ఇప్పుడు నా సవారీ."

"ఇది కదలడం లేదే!"

"కదలకపోతే కూర్చునైనా ఉంటాను. కారెక్కానన్న మాటైనా దక్కుతుంది."

గఫార్ పనిముట్ల పెట్టె తెచ్చి మెట్టులా వేశాడు. ఆవిడ ఒక కాలు వేసి, రెండో కాలు వేసి, వెనక ఇరుసు మీద ఉన్న బల్ల మీద ఏడు మణుగులూ దించారు. వెదుళ్లు కిర్రుమన్నాయి. బట్ట ఠంగుమంది. "ఊఁ, కానీ" అన్నారు.

మేనత్త మాట తీసేయలేక శోభనాద్రి సైగ చేశాడు. గఫార్ హ్యాండిలు తిప్పాడు. చక్రాలు ఒక్కసారి ఇసుకని పట్టుకున్నాయి. కారు ఎగిరిపడి ముందుకు దూకింది. ఆవిడ "ఓరి నాయనో" అనేలోపు జనం, బండి, గఫార్ అంతా వెనక చిన్నచిన్నగా అయిపోయారు.

"పట్టు! పట్టు లేకపోయింది ఇందాక!" శోభనాద్రి స్టీరింగు గుద్దుతూ అరుస్తున్నాడు. "తేలిక చేసి చేసి పట్టు పోగొట్టాను! అత్తయ్యా, కదలకు, అక్కడే కూర్చో!"

కదలడమా! ఆవిడ రెండు చేతులా వెదురు పట్టుకుని నవ్వుతున్నారు. మొదట నోరు మూసుకుని, తర్వాత ఉన్న పళ్లన్నీ కనిపించేలా. తడి ఇసుక కింద జారిపోతోంది. ఎర్రపీతలు పరుగు తీస్తున్నాయి. గాలి వచ్చి ముసుగు లాగేసింది. ఆవిడ చెయ్యి అలవాటుగా కొంగు కోసం వెళ్లింది, మధ్యలో ఆగింది. పన్నెండో ఏట నుంచి ఎండ తగలని ఆ బోడితల మీద సముద్రపు గాలి ఆడుతోంది. చల్లగా, చక్కిలిగింతలుగా ఉంది. ఇంత సుఖం ఉంటుందని ఎవరూ చెప్పలేదేమని ఆవిడకి కోపం కూడా వచ్చింది. కొంగు వదిలేసి మూటలోంచి హారను తీశారు.

లక్ష్మయ్య కారు దగ్గరైంది, పక్కకొచ్చింది. ఆవిడ బుడ్డి నొక్కారు. భోం భోం! లక్ష్మయ్య తిరిగి చూసి స్టీరింగు వదిలేసినంత పని చేశాడు. అద్దకం బట్టల కారులో, బోడితల అమ్మగారు, హారను ఊదుకుంటూ దాటిపోయారు.

ముందు జెండా కనిపించింది. అక్కడ తిరగాలి. తిరిగితే పందెం తమదే. సంగమం ఇంకా ముందుకుంది.

భ్రమరాంబగారు హారను ఒళ్లో పెట్టుకున్నారు. అడగకూడదనుకున్నారు. మేనల్లుడు గెలవాలని ఆవిడకీ ఉంది, నిజంగానే ఉంది. కాని గుండె మాత్రం బండి దిగబోయే ప్రతిసారీ కొట్టుకున్నట్టే కొట్టుకుంది. అంతలో శోభనాద్రి వెనక్కి తిరిగి చూశాడు. కొంగులేని ఆ తలనీ, ఆ ముఖాన్నీ చూశాడు. మళ్లీ ముందుకి తిరిగాడు.

జెండా వచ్చింది. వెళ్లిపోయింది.

"ఒరేయ్, జెండా రా!"

"ఏదీ? కనపడలేదత్తయ్యా."

చీరంత జెండా! అబద్ధమాడితే చిన్నప్పటి నుంచీ వాడి చెవులు ఎర్రబడతాయి. వెనక నుంచి ఆవిడకి రెండు చెవులూ బాగా కనిపిస్తున్నాయి. కళ్లలోకి ఇసుక పడిందని తుడుచుకున్నారు.

సంగమం దగ్గర కృష్ణ ఎర్రగా వచ్చి, పచ్చటి నీళ్లలో నురగలు కక్కుతూ కలిసిపోతోంది. ఆవిడ మోకాలి లోతు దిగి, చీర తడిసిపోతున్నా పట్టించుకోకుండా, చెంబుతో నెత్తిన నీళ్లు గుమ్మరించుకున్నారు. తర్వాత శోభనాద్రి నెత్తిన గుమ్మరించారు. ఆ తర్వాత, ఎందుకైనా మంచిదని, కారు ముక్కు మీద గుమ్మరించారు. అది బుస్సుమని పొగ వదిలింది. ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు.

తిరిగొచ్చేసరికి తిప్ప మీద గెలిచిన లక్ష్మయ్య కొబ్బరిబొండాం తాగుతూ కూర్చున్నాడు. ఆయన కారు ఒక పక్కకి ఒరిగి పొగలు కక్కుతోంది. ఇసుకలో దాన్ని తొందరపెట్టి తోలేసరికి ఇంజనులో నీళ్లన్నీ మరిగిపోయి ఏదో విరిగిందట. భ్రమరాంబగారు కారులోంచే హారను అందించారు.

"ఇందా నాయనా. మా కారు ఇంకాస్త తేలికైంది."

లక్ష్మయ్య హారను తీసుకుని నసిగాడు. "మాస్టారూ, నా కారు ఇవాళ్టికి లేవదు. నన్ను అవనిగడ్డ దాకా దింపుతారా? ఒక్క మనిషికి చోటుంటే చాలు."

వెనక బల్ల మీద ఒక్క మనిషికే చోటుంది. చుట్టూ ఉన్నవాళ్లంతా భ్రమరాంబగారి వైపు చూశారు. ఎన్నేళ్ల అలవాటో, ఆవిడ చెయ్యి తనంతట తనే మూట మీదకి వెళ్లింది. లేవబోయారు.

"కూర్చో అత్తయ్యా" అన్నాడు శోభనాద్రి. "నువ్వు దిగితే ఈ కారు కదలదు."

లక్ష్మయ్య ఎడ్లబండిలో బయల్దేరాడు. గెలిచినవాడు కదా, దారి పొడుగునా హారను ఊదుతూనే ఉన్నాడు. ఎద్దులు బెదిరి, జన్మలో ఎన్నడూ పరిగెత్తనంత వేగంగా పరిగెత్తాయి.