ఊరుకున్న మాట

“పిన్నీ, మీ కోడలు షాపెట్టిందంట గదా, ఈ బ్రేకు సూడమను” అంటూ ఎదురింటి పూర్ణచంద్ర స్కూటరు తోసుకొచ్చి గుమ్మంలో నిలబెట్టేసరికి అరుణ పెనం మీద అట్టు తిప్పుతోంది. “వర్క్‌షాప్ నడపాలి” అని ఆమె అత్తగారు బుల్లమ్మతో అన్నది ఒకటి, ఆవిడ వీధికి చాటింది మరొకటి. తను వదులు చేసేది ఆడవాళ్ల బిగుసుకున్న నోళ్లనే గాని బోల్టులను కాదని విడమరచి చెప్పి వచ్చేలోపు అట్టు మాడింది.

“ఊరందరి సంగతీ సూస్తావు, అట్టు సంగతి సూడవేటి?” అంది బుల్లమ్మ. మాడిన అట్టు అరుణ పళ్లెంలోకే చేరింది. దానికి తీర్మానం అక్కర్లేదు.

బరంపురంలోని ఒక సంస్థలో ఎనిమిదేళ్లుగా అరుణది పల్లె ఆడవాళ్ల మీటింగులు నడిపే ఉద్యోగం. మినిట్స్ రాయడానికి గంటలు పట్టే ఉద్యోగం. గిరిసోలలోని తమ ఇంట్లోనూ మీటింగులు జరుగుతాయి గాని అక్కడ అజెండా అంటే అత్తగారి జెండా. నిన్న భోజనాల దగ్గర అలాంటిదే ఒకటి జరిగింది. సంస్థలో మిగతావాళ్లకు శిక్షణ ఇచ్చే పని నేర్చుకోవడానికి భువనేశ్వర్‌లో మూడు నెలలు ఉండాలి. అరుణకి ఎనిమిదేళ్లకి అందిన అవకాశం. వస్తున్నదీ లేనిదీ ఇవాళ అయిదింటికల్లా తన పై అధికారి వాణి మేడమ్‌కి చెప్పాలి.

“మూడు నెల్లు మనకెవులు వండుతారు?” అంది బుల్లమ్మ.

“పావనికి పదో తరగతి” అన్నాడు భర్త వైకుంఠరావు, కూతురి వంక చూసి. అరుణ చారు వడ్డిస్తూ ఊరుకుంది. “సరే మరి, ఎల్లదులే. ఒప్పుకుంది” అని చెయ్యి కడుక్కున్నాడు. ఏకగ్రీవం. ఏకగ్రీవమంటే ఒకే మెడ అని అర్థం. ఆ మెడ పదహారేళ్లుగా అరుణదే.

ఆమెకి కావలసింది చీరా కాదు, సినిమా కాదు. మీటింగుల్లో తను, గుండ్రంగా కూర్చున్న ఆడవాళ్లలో వెనక్కి తిరిగి పిల్లకి జడ వేసుకుంటున్న ఆవిడ దగ్గరికి కూడా వెళ్లి, వంగి, “నువ్వేమంటావు?” అని అడుగుతుంది కదా, ఆ రెండు ముక్కలు ఎవరైనా తన వైపు తిరిగి అనాలి. బియ్యం ఏరుతూ తనే గొంతు మార్చి “అరుణా, నువ్వేమంటావు?” అని మెల్లగా తనని తను అడిగేది. ఎంత బాగా జవాబు చెప్పేదో! సముద్రానికి ఎదురుగా ఉన్న గదిలో ఒక్కర్తీ పడుకోవాలని ఒకసారి, తను రాసిన రిపోర్టు కింద తన పేరే ఉండాలని ఒకసారి. ఆ జవాబులన్నీ చేటలో రాళ్లతోపాటు పెరట్లోకి పోయేవి.

ఆ మధ్యాహ్నం సముద్రం ఒడ్డున పల్లెలో మీటింగు. పోయిన నెల ఇక్కడే, చేపలు ఎండబెట్టే సిమెంటు దిమ్మ బడి వెనక కట్టిద్దామా అని అడిగింది. ఒక్కరూ పలకలేదు. ‘అందరూ ఒప్పుకున్నారు’ అని రాసింది. ఇప్పుడు దిమ్మ లేచింది. దాని మీద చేపలు లేవు, కుక్కలు పడుకున్నాయి.

“ఓలమ్మా, మేమొప్పుకున్నామని ఎవులు సెప్పినారు నీకు?” అంది జగ్గమ్మ, గంప దించి నడుం మీద చెయ్యేసుకుని.

“అందరూ ఊరుకున్నారు కదా అత్తా.”

“ఊరుకుంటే ఒద్దనే! బడెనక గాలాడదు. మా ఒడ్డున సేపల వేలంపాటలో ధర కుదిరితే అరుస్తాం, కుదరకపోతే నోరు మూసుకుంటాం. ఊరుకున్నదాని గంపలో సేపలు పోసీసి ‘కొన్నావు’ అంటారేటి ఎవులైనా?”

పక్కనున్న గురువమ్మ పకపకా నవ్వింది. “సదువుకున్నోలకి పాట తెలీదు గదేటి!”

అందరూ నవ్వారు. అరుణ కూడా నవ్వబోయింది గాని పెదవులు సగంలోనే ఆగిపోయాయి. పదహారేళ్లుగా తన గంపలో ఎవరెవరో ఎన్ని పోశారు! వాసన వేస్తున్నా మోసుకు తిరిగింది. మెడ నొప్పికి బామ్ రాసుకుందే గాని గంప దించలేదు.

“తప్పు నాది. ఇకమీద ప్రతి ఒక్కరూ నోటితో చెప్పాకే రాస్తాను” అని పోయిన నెల వాక్యం వాళ్ల ముందే కొట్టేసింది. తర్వాత కాసేపు పక్కకి వెళ్లి ఫోను తీసింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అందరూ టీ కోసం ఎదురు చూస్తున్నారు.

“వాణి మేడమ్‌కి రానని సెప్పీసినావా?” అన్నాడు వైకుంఠరావు.

“వస్తానని సెప్పీసినాను. సోమవారం ప్రయాణం.”

“అదేటి! నిన్న ఒప్పుకున్నావు గదా?”

అరుణ పొయ్యి వైపు వెళ్లలేదు. అత్తగారి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. ముగ్గురి ముఖాలూ కనిపించేలా కూర్చోవడం ఆమెకి అలవాటైన విద్యే. “ఒప్పుకోలేదండి. ఊరుకున్నాను. నేనూరుకుంటే మీరు సరే అనుకున్నారు. ఒద్దని అర్థమవుద్దని నేననుకున్నాను. ఇన్నాళ్లూ జరిగిన పొరపాటిదే. అత్తా, మీరూ ఇనండి. పావనీ, నువ్వూ ఇను.”

పావని పుస్తకం మూసింది. బుల్లమ్మ కొంగు సర్దుకుని ఇటు తిరిగింది. వైకుంఠరావు ముఖంలో కోపం వచ్చింది, కాసేపు నిలబడింది, ఎక్కడ కూర్చోవాలో తెలియక వెళ్లిపోయింది. వేళ్ల మీద ఏళ్లు వెనక్కి లెక్కపెట్టుకున్నాడు.

“అరుణా” అన్నాడు చివరికి, గొంతు తగ్గించి, “పెళ్లిచూపులనాడు కూడా నువ్వేటీ అనలేదే?”

“ఆవేళ నన్నెవులూ అడగలేదండి” అంది అరుణ. “ఇప్పుడడగండి.”