మెంతుల దాకా వచ్చినవాళ్లు

ఒమాన్‌లో దిగిన రోజు ఖమరుద్దీన్ చేతిలో ఉన్న సరుకు ఇంతే: ప్రొద్దుటూరు కిరాణా కొట్టులో పదేళ్లు నిలబడి నేర్చిన తూకం, మనిషి మొహం చూసి ఏం కొంటాడో చెప్పగలిగే కన్ను, చంకలో ఒక గోధుమరంగు కవరు. ఆ కవర్లో భార్య రషీదున్నీసా ఛాతీ ఎక్స్‌రే ఉంది.

పెళ్లయిన ఏడాదే ఆమెకు టీబీ వచ్చింది. ఆరు నెలలపాటు తనే దగ్గరుండి మాత్రలు మింగించాడు. జబ్బు పోయింది గానీ కుడి ఊపిరితిత్తి మీద రొట్టె మాడినంత చిన్న మచ్చ ఉండిపోయింది. "ఏడాది తిరిగేలోపల పిలిపించుకుంటా" అని చెప్పి విమానం ఎక్కాడు. ఆ మచ్చ సంగతి ముందే ఎవరికైనా చూపించి అడ్డు తొలగించుకోవాలని కవరు వెంట తెచ్చుకున్నాడు.

ఏడాది కాదు, పదిహేనేళ్లు తిరిగాయి. అల్ ఖౌద్‌లో యూనివర్సిటీకి పోయే దారిలో అర్బాబ్, అంటే ఒమానీ యజమాని, పేరు మీద ఒక బకాలా పెట్టాడు. కిరాణా కొట్టును ఇక్కడ అలాగే అంటారు. బియ్యం, పప్పు, ఊరగాయ, ఫోన్ కార్డు, దేనికీ లోటు లేదు. రషీదున్నీసాకు మాత్రం రెండుసార్లు రెసిడెన్సీ వీసా పెట్టాడు, రెండుసార్లూ మెడికల్‌లో మచ్చ కనబడి పనికిరాదన్నారు. విజిట్ మీద రెండుసార్లు వచ్చి నెలేసి ఉండి వెళ్లింది. తాను సెలవు మీద ఏడుసార్లు పోయాడు, నలభై ఐదేసి రోజులు. వ్యాపారి గనుక కూడకుండా ఉండలేడు. పదిహేనేళ్లలో కలిసి ఉన్నది మూడువందల డెబ్భై ఐదు రోజులు. ఏడాది మీద పది రోజులు.

పిల్లలు కలగలేదు. ఎవరైనా అడిగితే, "ఏడాది కాపురానికి ఎంతమందిని కనమంటావబ్బా?" అని నవ్వేసేవాడు. నవ్వడం అయ్యాక అరలో సరిగ్గానే ఉన్న డబ్బాలను మళ్లీ సర్దేవాడు.

ఒక మధ్యాహ్నం కొట్టులోకి ఒకామె వచ్చింది. చామనఛాయ, ఉంగరాల జుట్టు, యాభై ఏళ్లుంటాయి. శనగపప్పు కావాలంది. పక్కవీధి ఒమానీల ఇంట్లో పనిచేసే గంగులమ్మ పెరుగు డబ్బా పట్టుకుని ఆమెను పైకీ కిందికీ చూసింది.

"మన గోదారి మొహంలాగే ఉందండి, భాయ్‌గారూ. మాటేమో పాట పాడినట్టు ఉంది. ఏ ఊరో కనుక్కోండి."

ఖమరుద్దీన్ తన కొట్టు ఇంగ్లీషులో అడిగాడు. పేరు డాక్టర్ మర్లిన్ వీరసామి. ఊరు ట్రినిడాడ్.

"అదెక్కడండీ?" అంది గంగులమ్మ.

"క్రికెట్‌లో వెస్టిండీస్ అంటారే, ఆ దీవుల్లో ఒకటి," అన్నాడు ఖమరుద్దీన్.

మర్లిన్ ముత్తాత తండ్రి చెరకు నరికే కూలీగా మద్రాసులో ఓడ ఎక్కాడట. ఏ ఊరివాడో ఆమెకు తెలియదు. పేరు చివరన వీరసామి ఒక్కటే మిగిలింది. ఇప్పుడామె యూనివర్సిటీలో ఏడాది పనిమీద వచ్చింది. ఏం పనో చెప్పమంటే ఫోన్‌లో ఒక ఫొటో చూపించింది. ఇంటి అరుగు మీద వరుసగా కుర్చీలు, కుర్చీల్లో ఆమె తల్లీ, మేనమామలూ, పిన్నులూ.

ఖమరుద్దీన్ అలవాటుకొద్దీ లెక్కపెట్టాడు. మనుషులు ఏడుగురు. కాళ్లు పదకొండు.

"షుగర్," అంది మర్లిన్. "మా దీవుల్లో వెనక జనాన్ని చంపినవి కలరా, మలేరియా, టీబీ. అవి సద్దుమణిగాయని ఊపిరి పీల్చుకునేసరికి షుగరూ బీపీ కూర్చున్నాయి. ఇవి అంటుకునే రోగాలు కావు. అయినా గడపగడపకీ ఉన్నాయి. ఓడ దిగిన ఎన్నో ఏట మొదలైందో మాకు తెలియదు, అప్పుడెవరూ రాసిపెట్టలేదు. మీరంతా ఇప్పుడే సముద్రం దాటి వచ్చినవాళ్లు. మావాళ్ల మొదటి రోజులు ఎలా ఉండేవో మిమ్మల్ని చూస్తేనైనా తెలుస్తుందని వచ్చాను."

దానికి రెండువందల మంది రక్తం కావాలట. నెల రోజులు కంపెనీ రూముల చుట్టూ తిరిగితే పదకొండు మంది ఇచ్చారు.

"ఇయ్యరు," అన్నాడు ఖమరుద్దీన్. "రక్తం అంటే మెడికల్ అనుకుంటారు. మెడికల్ అంటే ఇంటికి పంపడం అనుకుంటారు. కానీ రక్తం తీయకుండానే నేను చెప్పగలను, ఎవరికి షుగర్ ఉందో."

మర్లిన్ నవ్వలేదు. చెప్పమంది.

"ముందు చిన్న నీళ్లసీసా మానేసి పెద్దది కొంటారు. కొన్నాళ్లకు టీలోకి చక్కెర తగ్గిస్తారు. ఇంకొన్నాళ్లకు ఒకరోజు మెల్లిగా వచ్చి, ఎవరూ లేకుండా చూసి, మెంతులు అడుగుతారు. మెంతుల దాకా వచ్చినవాడికి ఇంక డాక్టరు చెప్పేదేం లేదు."

"అలాంటివాళ్లు ఎంతమంది?"

"నా కొట్టుకొచ్చే ప్రతి ఐదుగురిలో ఒకడు."

ఆమె చాలాసేపు మెంతుల డబ్బా వంకే చూసింది. అప్పుడు ఖమరుద్దీన్ లోపలికి వెళ్లి గోధుమరంగు కవరు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఇచ్చిపుచ్చుకోవడం అతనికి సిగ్గుపడే విషయం కాదు. రెండువందల మందిని తాను తెస్తాడు, ఈ మచ్చ పాతదని, మానిపోయిందని పెద్ద డాక్టరు చేత ఆమె ఉత్తరం రాయించాలి.

"నేను ఒక్కరి రోగం చూసే డాక్టర్ని కాను," అంది మర్లిన్. "వేలమంది రోగాన్ని లెక్కపెట్టేదాన్ని."

"ఇద్దరిదీ లెక్కల పనే కదా మేడమ్."

ఆమె ఎక్స్‌రేను వెలుతురుకు ఎత్తి చూసింది. తన బృందంలో ఊపిరితిత్తుల డాక్టరు ఉన్నాడు, అడుగుతానంది. ప్రొద్దుటూరు ఆసుపత్రిలో ఇచ్చిన టీబీ కార్డు కూడా తెమ్మంది. ఉత్తరం పనిచేస్తుందని మాట మాత్రం ఇవ్వలేనంది.

ఆ శుక్రవారం ఫోన్‌లో రషీదున్నీసాకు ఉత్తరం సంగతి చెప్పాడు.

"ఈసారి అక్కడి వంటింట్లోకి రెండు గిన్నెలు కొనిపెట్టనా?" అంది. "వద్దులే. పోయినసారి కొన్నవే కొత్తగా పడుండాయి."

ఖమరుద్దీన్ పనిలోకి దిగాడు. శుక్రవారాలు కొట్టు వెనక గదిలో కుర్చీలు వేశాడు. వచ్చినవాళ్లకు ఆమె షుగర్ ఉందో లేదో రాసిన కాగితం ఇస్తుంది, కంపెనీకి పేర్లు పోవు అని తన నోటితో చెబుతుంది. జనం ఆమె మాట కాదు, అతని మొహం చూసి వచ్చారు. నాలుగో శుక్రవారం పొద్దున్నకి నూటముప్పై. ఆ రోజు ఇంకా అరవై ఒక్కరు. మొత్తం నూటతొంభై ఒకటి. తొమ్మిదిమంది తక్కువ.

ఎవరెవరు మిగిలారో అతనికి తెలుసు. అందరూ మెంతుల దాకా వచ్చినవాళ్లే. అందులో మొదటివాడు జిలాని, కడప మనిషి, నీళ్ల ట్యాంకర్ డ్రైవర్.

"నాకొద్దు భాయ్," అన్నాడు జిలాని. "షుగర్ అని తేలితే బండి మీంచి దించుతారు. రక్తం నాది, రాత వాళ్లది. ఏం రాస్తారో ఎవనికి తెల్సు?"

ఆ రూముల్లో ఒక అలవాటుంది. ఒంట్లో బాగాలేనివాడు తన బతాకా, అంటే రెసిడెన్సీ కార్డు, పక్కమంచంవాడి చేతికిచ్చి గేటు దాటిస్తాడు. హాజరు పడుతుంది, పని జరుగుతుంది, మనిషెవరని ఎవరూ అడగరు. ఖమరుద్దీన్‌కు ఆ క్షణాన అదే తోచింది.

"నీ బతాకా ఇస్రార్‌కిచ్చి పంపు. పేరు లెక్కలోకి వస్తే చాలు. రక్తం ఎవరిదైతే ఏంది?"

ఇస్రార్ ఇరవై నాలుగేళ్లవాడు, రాయిలా ఉంటాడు. అతనూ, అలాంటివాళ్లు మరో ఇద్దరూ, తొమ్మిది కార్డుల మీద రక్తం ఇచ్చారు. గదిలో జనం తోపులాటగా ఉంది, నర్సు మొహాలు చూడలేదు. రెండువందలు నిండాయి. మర్లిన్ సంతోషంతో అతని చేయి పట్టుకుని ఊపింది. ఉత్తరం వచ్చేనెల మొదటి ఆదివారం ఇప్పిస్తానంది.

ఆ ఆదివారానికి మూడు రోజుల ముందు, గురువారం సాయంత్రం, జిలాని ఒక కాలికి బూటు, ఒక కాలికి చెప్పు వేసుకుని కొట్టుకు వచ్చాడు.

"ఏందబ్బా, పెండ్లికొడుకులా ఆ నడక?"

"బూటు కరిచింది భాయ్. క్లినిక్‌కు పోయినా. మందు పూసి పంపినారు. పదిరోజులైంది, మానదే."

చెప్పు విప్పమన్నాడు. బొటనవేలి కింద గాయం నల్లగా తిరిగింది. గుడ్డ తీయగానే వాసన వచ్చింది. నొప్పి లేదన్నాడు జిలాని, అదేదో మంచి సంగతి అన్నట్టు.

"షుగర్ ఉందని క్లినిక్‌లో చెప్పినావా?"

"ఎట్ల చెప్పేది? అడిగితే యూనివర్సిటీ వాళ్ల కాగితం చూపించినా. షుగర్ లేదని రాసుండాది కదా." జిలాని నవ్వాడు. "నువ్వు ఇప్పించిన కాగితమే."

ఖమరుద్దీన్ స్టూలు మీద కూర్చున్నాడు. ఒక పక్క మూడు రోజుల్లో చేతికొచ్చే ఉత్తరం ఉంది. ఇంకో పక్క ఈ కాలు. ఆదివారం దాకా నోరు మూసుకుంటే రెండూ దక్కవచ్చు. మూడు రోజుల్లో ఏం మునిగిపోతుంది? ఇలాంటి బేరం జీవితంలో చాలాసార్లు ఆడాడు. సరుకు పాడవుతోందని తెలిసీ మూడు రోజులు ఆపి అమ్మినవాళ్లను చూశాడు. కానీ గుడ్డ విప్పిన వాసన కొట్టంతా నిండిపోయి ఉంది. ఆ ఫొటోలో పదకొండు కాళ్లను లెక్కపెట్టిన మనిషి తాను.

ఫోన్ తీశాడు.

"వద్దు భాయ్!" జిలాని చేయి పట్టుకున్నాడు. "కంపెనీవాళ్లు ఇంటికి పంపేస్తారు!"

"రెండు కాళ్లతో పోతావు. ఉండు."

కాలి సంగతీ బతాకాల సంగతీ అతని నోట విన్న మర్లిన్ అరగంటలో వచ్చింది. కాలు చూసి ఎవరికో ఫోన్ చేసి, జిలానిని తన కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్లింది. శుక్రవారం పొద్దున తిరిగి వచ్చి కొట్టు బల్లకు అటువైపు నిలబడింది.

"ఎన్ని కార్డులు?"

"తొమ్మిది."

"ఆ రోజు అరవై ఒకటీ, ఈ తొమ్మిదీ కలిసిపోయాయి, ఏది ఎవరిదో నాకు ఇప్పుడు తెలీదు. డెబ్భై తీసి పారేయాలి. మీరు నాకు దొంగ తూకం వేశారు."

పాతికేళ్ల వ్యాపారంలో ఆ మాట అతణ్ణి ఎవరూ అనలేదు.

"ఉత్తరం," అంది ఆమె, గొంతు తగ్గించి. "ఆ టీబీ కార్డు నిజమైనదని నేను హామీ ఉండాలి. దాన్ని తెచ్చింది మీరు. ఎలా ఉండను? ఆ కార్డు ప్రొద్దుటూరు ఆసుపత్రి నుంచి నేరుగా మళ్లీ రావాలి. నా గడువు రెండు నెలల్లో అయిపోతుంది."

"తెలుసు మేడమ్. తెలిసే ఫోన్ చేసినా."

ఆమె వెళ్లబోయి ఆగింది.

"ఆ రెండువందల్లో మీ రక్తం ఉందా?"

లేదు. అందరినీ కూర్చోబెట్టే హడావిడిలో తీరిక లేదని తనకు తాను చెప్పుకున్నాడు. ఆమె సంచిలోంచి చిన్న మీటరు తీసి అతని వేలు పొడిచింది. మూడువందల పన్నెండు. మర్లిన్ తల తిప్పి మెంతుల డబ్బా వైపు చూసింది. సొంత కొట్టు మెంతులు కొననక్కరలేదు కాబట్టి ఖమరుద్దీన్ తనను ఆ ఐదుగురిలో ఒకడిగా ఎప్పుడూ వేసుకోలేదు. మూడేళ్లుగా రోజూ గుప్పెడు నానబెట్టుకుని తింటున్నాడు.

ఆ రోజే రషీదున్నీసాకు అన్నీ చెప్పాడు. ఉత్తరం రాదన్నాడు. ఎందుకు రాదో చెప్పాడు. చివరన, నసుగుతూ, మూడువందల పన్నెండు సంగతి.

ఏడుస్తుందేమో అనుకున్నాడు. కానీ ఆమెకు కోపం వచ్చింది.

"పదిహేనేండ్లు నా ఊపిరితిత్తులు ఊరందరికీ చూపిస్తిరి. మీ నెత్తురు ఒక్క నాకు చూపీకపోతిరి. నేను ఎవరి కోసం వచ్చేది అక్కడికి? ఒక ఫొటోకా?"

"రషీదా..."

"ఏం చెప్పొద్దు. రేపట్నించి పొద్దున టీ తాగకముందు ఫోన్ చేయండి. అంకె చెప్పండి. అబద్ధం చెబితే నాకు తెలుస్తాది. ఆరునెల్లు నాకు మాత్రలు మింగించింది మీరేగా, లెక్క తీర్చుకుంటా."

అప్పటిదాకా వారానికొకసారి, శుక్రవారం నమాజు అయ్యాక మాట్లాడుకునేవాళ్లు. మర్నాటి నుంచి ఇక్కడ ఐదున్నర అంటే అక్కడ ఏడు. వేలు పొడుచుకుని, అంకె చెప్పాలి. ఎక్కువైతే రాత్రి ఏం తిన్నారో చెప్పాలి. తక్కువైతే ఆమె, "ఊఁ" అంటుంది. ఆ "ఊఁ" కోసం ఖమరుద్దీన్ పరోటా మానేశాడు. మాటలు అంకెతో మొదలై ఎక్కడెక్కడికో పోయేవి. మేడమీద ఆరేసిన మిరపకాయలు, ఎదురింటి గోడ గొడవ, పీడకల. ఒక్కోరోజు ఏ మాటా లేక ఇద్దరూ ఫోన్ పట్టుకుని ఊరకే ఉండేవాళ్లు, ఆమె టీ పోసుకునే చప్పుడు అతనికి వినబడేది.

మర్లిన్ వెళ్లేలోపు పారేసినవాటి బదులు మళ్లీ రక్తం తీసుకుంటూ ఇంకో నాలుగు శుక్రవారాలు ఆ గదిలోనే కూర్చుంది. ఈసారి బతాకా మీది ఫొటోనూ మొహాన్నీ పక్కపక్కన పెట్టి ఖమరుద్దీనే తలుపు దగ్గర నిలబడ్డాడు. "ఎయిర్‌పోర్టులో కూడా ఇలా చూడరండి భాయ్‌గారూ" అని గంగులమ్మ వెక్కిరించింది. వెక్కిరిస్తూనే తానూ చెయ్యి చాచింది.

ఆ ఏడాది డిసెంబరు ఆఖరున ఖమరుద్దీన్ కూర్చుని లెక్క చూసుకున్నాడు. ప్రొద్దుటూరు ఆసుపత్రి నుంచి కాగితం ఇంకా రాలేదు. పాత రికార్డులు వెతుకుతున్నామంటున్నారు. రషీదున్నీసాతో కలిసి ఉన్న రోజులు మూడువందల డెబ్భై ఐదు దగ్గరే ఆగి ఉన్నాయి, ఒక్కటీ పెరగలేదు. జిలానికి రెండు వేళ్లు పోయాయి, కాలు నిలిచింది. బండి మీంచి దించి యార్డులో వేశారు గానీ ఇంటికి పంపలేదు. ఆ తొమ్మిది పేర్ల కింద ఇప్పుడు ఆ తొమ్మిదిమంది సొంత రక్తమే ఉంది, పదోది తనది. తన అంకె ఆ పొద్దున నూట ముప్పై ఎనిమిది. భార్య గొంతు విన్న ఉదయాలు రెండువందల ఆరు.